చింతచెట్ల చాటున సోలార్ పంపు

పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా ఇంటికొచ్చాను. నన్ను చూసిన ప్రతివాడిదీ ఒకటే మాట: "ఇంకేంది, ఏదో ఒక గేటు కాడ కుర్చీ దొరుకుద్ది." నిజంగానే దొరికింది. జగదల్‌పూర్‌లో సోలార్ పంపులు బిగించే కంపెనీ ఒకటి తన గోదాముకు కాపలాగా పెట్టుకుంది. లారీ వస్తే గేటు తీయాలి, పోతే వేయాలి. మంచుకొండల మీద సిగ్నల్ పరికరాలు విప్పి బాగుచేసినవాణ్ణి, రెండు నెలలు ఆ పని చేసేసరికి మా ఆవిడ మీద కూడా అరవడం మొదలుపెట్టాను. "ఆ గేటు మీద కోపం నా మీద చూపకు, పోయి ఆఫీసుల అడుగు" అంది ఆవిడ.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. మరునాడు నేరుగా ఇంజినీరమ్మ గదిలోకి పోయి, పని నేర్పమని అడిగాను. ఆమె కిరందూల్ గనుల కాలనీలో పుట్టి పెరిగిన ఆంధ్రా పిల్ల, నాకన్నా పదేళ్లు చిన్నదేమో. నన్ను ఎగాదిగా చూసి శిక్షణకు పంపింది. అది పూర్తయ్యాక తెలంగాణ సరిహద్దున ఉన్న గొల్లపల్లి దగ్గర ఒక చిన్న పల్లె పేరు చెప్పింది.

"తాగునీటి పంపండీ. మొత్తం బాధ్యత మీదే. నిలబెడితే మా బృందంలోకి వస్తారు. లేదంటే మళ్లీ గేటే. తర్వాత నన్ను తిట్టుకోకండి, హవల్దార్ గారూ."

ఆ పల్లెలో ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలమలు తవ్వి, గిన్నెతో తోడి బిందెలు నింపుకుంటారు. ఊరి పక్కన బోరు వేసి ఉంది గానీ దాని చేతిపంపు ఎప్పుడో విరిగిపోయింది. ఆ బోరులోకి మోటారు దించి, పక్కన సోలార్ పలకలు నిలబెట్టాలి. పలకలకు చోటు చూడ్డం నాకు అరగంట కూడా పట్టలేదు. రెండు పెద్ద చింతచెట్లు, వాటి మధ్య కాస్త పల్లపు నేల, వెనక దిబ్బ. ఇంతకన్నా మంచి చోటు ఉంటుందా అనుకున్నాను. స్తంభాలకు కాంక్రీటు దిమ్మెలు పోయించాను. వారం తర్వాత స్తంభాలు నిలబెట్టి పలకలు బిగించాక, నేనే నడుచుకుంటూ రోడ్డెక్కి తిరిగి చూశాను. ఒక్క మెరుపు కనబడితే ఒట్టు. శభాష్ అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మధ్యాహ్నం స్విచ్ వేస్తే నీళ్లు వచ్చాయి. ఊరు చప్పట్లు కొట్టింది. గంట గడిచేసరికి ధార సన్నబడింది, తర్వాత ఆగిపోయింది. తీగలన్నీ చూశాను, మోటారును తిట్టాను, కంట్రోలర్ పెట్టెను రెండు దెబ్బలు కూడా వేశాను. ఎండ పెళపెళలాడుతుంటే పంపు ఎందుకు ఆగిందో నా బుర్రకెక్కలేదు.

ఇప్పపువ్వు తట్ట నెత్తిన పెట్టుకుని అటుగా పోతున్న ఒక దోర్ల తెగ ముసలమ్మ ఆగి పలకల్ని చూసింది, చెట్లను చూసింది, చివరికి నన్ను చూసింది.

"దొంగసొత్తు లెక్క గిట్ల దాచినవేంది బిడ్డా? ఎవలు ఎత్కపోతరని?"

అప్పుడు చూశాను. చింతచెట్టు నీడ సగం పలకల మీద పరుచుకుని ఉంది. ఒక్క పలక మీద నీడ పడ్డా వరుస మొత్తం మందగిస్తుందని శిక్షణలో మొదటిరోజే చెప్పారు, పుస్తకంలో రాసుకున్నాను కూడా. కానీ పదిహేడేళ్లు గుడారం వేసినా, జీపు నిలిపినా, గడ్డం గీసుకునే అద్దం పెట్టినా చెట్టు చాటే వెతికాను, మెరిసేదేదీ బయటికి కనబడకూడదనే బతికాను. ఎండను పట్టాల్సిన వస్తువును ఎండకు కనబడకుండా దాచిపెట్టాను. అంత సిగ్గు నాకు జన్మలో ఎప్పుడూ వేయలేదు.

"అవ్వా, ఈ ఊళ్ల నీడ పడని జాగ ఏడుంది?" అని అడిగాను.

"నా కల్లం. పొద్దు పొడిచినకాడికెల్లి గూకేదాంక ఎండే. నా పువ్వు ఆడనే ఎండుతది."

అలికి నున్నగా చేసుకున్న ఆ కల్లంలోకి చెప్పులతో ఎవరూ పోరు. నేను బూట్లు విప్పి వెళ్లి నిలబడ్డాను. చుట్టూ ఒక్క చెట్టు లేదు, బోరుకూ దగ్గరే. ఇప్పపువ్వు రాలే కాలమది, ఏడాదికి సరిపడా పువ్వు ఆమె ఎండబెట్టుకునేది అక్కడే. అడగడానికి నోరు రాలేదు. ఆమే అంది: "పువ్వు బండ మీద ఆరేసుకుంట. బండల నీ గుంటలు పడవు గద, ఈడ తవ్వు."

గుట్టెక్కితే గానీ ఫోను పలకదు. ఎక్కి, జరిగింది జరిగినట్టు ఇంజినీరమ్మకు చెప్పాను. తప్పు నాది, పది రోజులు కావాలి అన్నాను. "పదంటే పదే. పదకొండో రోజు పొద్దున నేనే వస్తాను" అని ఆమె ఫోను పెట్టేసింది.

పలకలు, స్తంభాలు విప్పి పక్కన పెట్టి, కల్లంలో కొత్త గుంటలు తవ్వాం. మొదటి గుంటలో ముసలమ్మ గుప్పెడు పువ్వు వేసి దణ్ణం పెట్టాకే కాంక్రీటు పోయనిచ్చింది. దిమ్మెలు గట్టిపడాలంటే వారం రోజులు తడపాలి. ఆ నీళ్లు ఎక్కడివి? చెలమల్లోవే. ఇంట్లో తాగడానికి తోడుకునే ఆడవాళ్లు, రోజూ తలా ఒక బిందె అదనంగా తెచ్చి నా సిమెంటు మీద పోశారు. అది చూస్తూ నిలబడడం నాకు చాలా కష్టమైంది. తొమ్మిదో రోజు ఆ పలకల్ని ఊరంతా పెళ్లికూతుర్ని తెచ్చినంత జాగ్రత్తగా మోసుకొచ్చి బిగించాం.

పదకొండో రోజు ఇంజినీరమ్మ అన్నట్టే వచ్చింది. ఎనిమిదింటికి స్విచ్ వేశాను. ముందు బురదనీళ్లు, తర్వాత తేట నీళ్లు. ఆమె గొడుగు వేసుకుని సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. పన్నెండయింది, రెండయింది, నాలుగయింది. ధార తగ్గలేదు. బిందెలన్నీ నిండిపోయాయి, అయినా ఎవరూ ఇళ్లకు పోలేదు. ముసలమ్మ దోసిలిపట్టి తాగి, "సల్లగున్నయ్. నువ్వు గూడ తాగు బిడ్డా" అంది. తాగాను. అందరి ముందూ ఏడ్చాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఇంజినీరమ్మ లేచి గుట్ట వైపు నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. పైకెక్కి ఆఫీసుకు ఫోను కలిపి, నాకు వినబడేలా గట్టిగానే చెప్పింది.

"గోదాము గేటుకు ఇంకెవర్నైనా చూసుకోండి. ఈయన మా మేస్త్రీ."