కంపు గోడకు దేవుళ్లు

నా జీవితంలో అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన వాక్యం "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు". కన్నవాళ్ల పేర్లు కూడా అన్నిసార్లు రాయలేదు. జనగామలో సినిమా హాలు పక్క సందులో రాశాను. మానుకోటలో బియ్యం మిల్లు ప్రహరీకి రాశాను. భూపాలపల్లిలో క్వార్టర్ల వెనక, చెల్పూరు దగ్గర లారీలు ఆగేచోట రాశాను. బోర్డులు రాసి బతికినవాడికి అది అన్నం పెట్టిన వాక్యం. కాదనను. కానీ తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

కంపు వల్ల మాత్రమే కాదు. ఆ వాక్యం ఎవరి నోట పుట్టిందో నాకు ఈనాటికీ తెలియదు. మా అవ్వ నన్ను నూరు రకాలుగా తిట్టింది గానీ ఒక్కసారైనా "విసర్జన" అనలేదు. దాని కింద ఇంకో ముక్క రాయించేవారు, "అతిక్రమించిన వారిపై చర్యలు తీసుకొనబడును" అని. తీసుకొనబడును! ఎవరు తీసుకుంటారు, ఎప్పుడు తీసుకుంటారు? యాభై ఏళ్లుగా చూస్తున్నాను, ఒక్కడి మీద కూడా తీసుకోలేదు. పోసేవాడు పోస్తాడు, జిప్పు పెట్టుకుంటాడు, పోతాడు.

నేను పుట్టింది దేవరుప్పుల దగ్గరి ఒక పల్లెలో. బడి ముఖం చూసింది రెండేళ్లు. తరువాతి చదువంతా కిరాణం పొట్లాల కాగితాల మీద, లారీల వెనక, దుకాణాల నెత్తిన. అందుకే అక్షరానికి అర్థం తెలియకముందే దాని నడుము ఎంత లావుండాలో తెలిసింది. "క్ష" సరిగ్గా కుదిరితే ఈ వయసులో కూడా కడుపు నిండా తిన్నట్టు ఉంటుంది. "ఠ" చూస్తే పెద్ద బొట్టు పెట్టుకుని గడప మీద కూర్చున్న ముసలమ్మ గుర్తొస్తుంది. అంత పొందికైన అక్షరాలను తీసుకుపోయి అలాంటి గోడల మీద నిలబెట్టాను. ఇంకో సంగతి చెబుతాను, ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ గోడల మీద మొదట ఊడిపోయేవి ఒత్తులు. అక్షరానికి కిందుగా ఉంటాయి కదా, తడి ముందు వాటికే తగులుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి నేను రాసిన వాక్యం పళ్లు రాని పిల్లవాడు పలికినట్టు మిగిలేది.

మాటలు పనిచేయడం లేదని భూపాలపల్లిలో ఒక దుకాణదారు నాతో గాడిద బొమ్మ వేయించాడు. గాడిదే ఇక్కడ పోస్తుంది అని అర్థం వచ్చేట్టు. ఒళ్లు దగ్గర పెట్టుకుని వేశాను, చెవి మీది వెంట్రుకలతో సహా. సాయంత్రం ఒకడు వచ్చి చాలాసేపు చూశాడు. "గాడిద మస్తుగున్నదే అన్నా, పాణమున్నట్టే ఉన్నది" అన్నాడు. ఆ మాట అంటూనే దాని కాళ్ల మీద పోశాడు. నా కళకు దక్కిన మెప్పుల్లో అది ఒకటి.

తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి, నన్ను పిలిచేవాళ్లు లేకుండా పోయారు. ఊరు ఊరంతా నవ్వు ముఖాలు, చేతులు జోడించిన ముఖాలు, చచ్చినవాడికి కూడా సూటు తొడిగిన ముఖాలు. ఆ రంగులు చూస్తే కళ్లలో కారం పడ్డట్టు ఉంటుంది. పోనీ.

పోయిన ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో మానుకోట నుంచి ఫోను వచ్చింది. ఒక ఆఫీసు. ఏ ఆఫీసో చెప్పను, చెప్పి లాభం లేదు. ప్రహరీ గోడ మీద బొమ్మలు వేయాలన్నారు. ఫ్లెక్సీ కడితే రెండో రోజే ఎవరో విప్పుకుపోయి వడ్ల కుప్ప మీద కప్పుకుంటున్నారట. గోడను విప్పుకుపోలేరు కాబట్టి నేను గుర్తొచ్చాను. పొద్దుటి రైలెక్కి, రంగు డబ్బాలతో దిగాను.

గోడ చూడకముందే ముక్కుకు తెలిసింది. గేటుకు ఎడమవైపు ముప్పై అడుగుల గోడ, కింద రెండడుగులు పచ్చగా, నల్లగా పెచ్చులు లేచి ఉంది. గోడ చివర, గేటును ఆనుకుని ఒక గొడుగు. గొడుగు కింద ఒకామె ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతోంది. యాభై దాటి ఉంటాయి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే కొలుస్తోంది, పెట్టుకునే మాట్లాడుతోంది.

"ఏం రాస్తవన్నా?" అంది.

"రాసుడు గాదు చెల్లె, దేవుండ్లను ఎయ్యమన్నరు. దేవుణ్ణి జూస్తె పొయ్యరట."

"ఆళ్ల నాయిన అడ్డమొచ్చినా పోస్తరు. మా ప్రభువును గూడ ఏస్తవా?"

"లిస్టుల ఉన్నడు. మూడో నంబరు."

"వద్దన్నా," అంది ఆమె. "ఆయన పడ్డయి సాలవా?"

అంతలో ఆఫీసు సారు బయటికి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మడత నలగని చొక్కా. ఫోను తీసి నా ముఖం ముందు పెట్టాడు. అందులో దేవుళ్లంతా వరుసగా మెరుస్తున్నారు, అందరికీ ఒకటే ముక్కు, ఒకటే చెంప, అంగడిలో పెట్టిన మైనపు బొమ్మల్లాగా.

"సేమ్ ఇట్లనే రావాలె తాతా. కంప్యూటర్ ఏసింది."

నేను కళ్లజోడు సర్దుకుని చూశాను. "సారూ, గీ చేతికి ఆరు వేళ్లున్నయి."

"ఎవరు లెక్కవెడ్తరు?"

"నేను లెక్కవెడ్త. నా పనే అది."

"నీకంటె మంచిగనే ఏసింది తియ్యి," అన్నాడు.

ఆ మాట దిగమింగాను. తరువాత నా నోటికొచ్చింది మింగలేకపోయాను. "గుళ్లె ఉన్న దేవునికేమో అగరవత్తులు, గీ దేవునికి గిదా సారూ? దేవుణ్ణి కావలికుక్కను జేస్తున్నరు గదా."

"నువ్వు పూజారివా, పెయింటరువా? సాయంత్రం వరకు అవుటులైన్ పడాలె." మీటింగు ఉందంటూ లోపలికి పోయాడు.

గోడ గీకాను, సున్నం కొట్టాను. నూలు పట్టి గీతలు కొట్టాను. బొమ్మ మాత్రం చేతికి రాలేదు. ఏ దేవుడి పాదాలు ఎక్కడ పెట్టాలి? పెట్టేచోటు ఏమిటో నాకు తెలుసు కదా. పన్నెండు దాటింది. ఎండ నెత్తి మీద నిలబడింది. గొడుగు నీడలోకి పోయి కూర్చుని సీసాలో నీళ్లు తాగాను. ఆమె పెదవులు ఎండి చిట్లి ఉన్నాయి. సీసా ముందుకు చాపాను.

"తాగు చెల్లె, ఇంత ఎండల కూసున్నవు."

"వద్దన్నా."

"అగో, మంచినీళ్లకు మర్యాదేంది?"

"తాగితె ఏడికి వోవాలె?" అంది.

నాకు వెంటనే తలకెక్కలేదు. ఆమే విప్పి చెప్పింది, గిరాకీ లేని సమయం చూసి, గొంతు తగ్గించి. పొద్దున మొదటి బస్సుకు వచ్చి చీకటి పడే వేళకు ఊరికి పోతుంది. మధ్యలో పోవడానికి చోటు లేదు. అందుకని పొద్దున ఒక గుక్క చాయి తాగి, మళ్లీ ఇంటికి పోయాకే నీళ్లు ముట్టుకుంటుంది. ఇప్పటికే రెండుసార్లు మంటతో, చలిజ్వరంతో దవాఖానలో పడింది.

"డాక్టరమ్మ తిట్టింది. నీళ్లు తాగకుంటె కిడ్నీలు ఖరాబైతయన్నది. గందుకే గీ నెల జూసి దుకాణం ఎత్తేస్త. పదకొండేండ్లాయె గీడ కూసుండవట్టి. గీ గొడుగు ఇడిస్తె నాకు ఇంకో బతుకు లేదు గని, ఏం జేస్త? మొగోళ్లకు గోడ ఉన్నది."

"ఆఫీసుల బాత్రూం లేదా?"

"ఉన్నది. తలుపుకు ఆడిమనిషి బొమ్మ గూడ ఉన్నది. తాళముంటది. తాళంచెయ్యి రెండో అర్రల సారు తాననే. ఒక్కపారి ఆయనను అడిగిన, అది పబ్లిక్‌ది గాదన్నడు. నల్గురి ముందల అన్నడు. మళ్ల అడుగలే."

లేచి లోపలికి పోయి చూశాను. వెనకవైపు నిజంగానే ఉంది. "స్త్రీలు" అని మంచి చేతిరాత, జడ వేసుకున్న ఆడమనిషి తల. ఎవరో నాలాంటివాడే శ్రద్ధగా వేశాడు. కింద పెద్ద తాళం. కిటికీలోంచి తొంగి చూస్తే విరిగిన కుర్చీలు, చుట్టలు చుట్టిన పాత ఫ్లెక్సీలు. ఫ్లెక్సీల మీది నవ్వు ముఖాలకు నీడ దొరికింది. బయట ఎండలో కూర్చున్న మనిషికి మూసిన తలుపు.

అప్పటిదాకా నా అసహ్యం అంతా పోసేవాళ్ల మీద, రాయించేవాళ్ల మీద. ఆ కిటికీ దగ్గర అది నా మీదికి తిరిగింది. ఇన్నేళ్లు ఇన్ని ఊళ్ల గోడల మీద "ఇచ్చట చేయరాదు" అని రాసినవాణ్ణి, ఎక్కడ చేయవచ్చో ఒక్కసారి రాశానా? ఆ వాక్యం మగవాళ్లతోనే మాట్లాడుతుందని నాకు ఒక్కనాడైనా తోచిందా? నా భార్య బతికి ఉన్నప్పుడు ఎన్ని ప్రయాణాల్లో నీళ్లు వద్దందో! దాహం లేదేమో అనుకున్నాను. అక్షరం నడుము కొలిచిన ఈ కళ్లకు పక్కన కూర్చున్న మనిషి ముఖం చదవడం రాలేదు. ఛీ.

తిరిగి వచ్చి డబ్బా మూత తీశాను. నీలం ఎనామెల్. దేవుళ్ల కోసం తెచ్చిన ఖరీదైన రంగు. సున్నం కొట్టిన గోడ మీద, మనిషి ఛాతీ ఎత్తున, అడుగు ఎత్తు అక్షరాలతో మొదలుపెట్టాను. మా అవ్వ మాట్లాడినట్టే రాశాను. సినిమాల్లో మా మాటను నవ్వడానికి వాడుకున్నారు గానీ, గోడ మీద మా మాట రాయమని నన్ను ఎవరూ అడగలేదు. ఈసారి నేనూ ఎవరినీ అడగలేదు.

"అక్కలార! ఆడోళ్ల బాత్రూం లోపల్నే ఉన్నది. తాళంచెయ్యి రెండో అర్రల సారు తాన ఉన్నది. అడుగుండ్రి. సిగ్గువడకుండ్రి."

చివర గేటువైపు చూపించే చెయ్యి ఒకటి వేశాను. ఐదు వేళ్లే.

"ఏం రాసినవన్నా?" అంది ఆమె. చదువు రాదు. చదివి వినిపించాను. ఒక్కసారిగా కొంగు ముక్కు మీద నుంచి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు గిట్ల పిచ్చి లేశిందా? సారు నన్ను గీడికెళ్లి లేపుతడు!"

నిజంగానే భయపడింది. నా కోపంలో ఆ సంగతి ఆలోచించలేదు. తుడవాలా అనుకుంటుండగానే గంగారం బస్సు దిగి, అడవి ఊళ్ల నుంచి ఏవో కాగితాల పనికి వచ్చిన గుంపు గేటు ముందుకు వచ్చింది. వాళ్లలో చదువుకున్న కోడలు ఒకతె గోడను పైకి చదివింది. పక్కనున్న ముసలవ్వ రెండోసారి చదివించుకుంది. తరువాత చేతికర్ర టకటకలాడిస్తూ లోపలికి నడిచింది. ఆమె వెనక ఇంకో ఐదుగురు.

నేనూ వెనకాలే పోయాను. రెండో గదిలో మీటింగు నడుస్తోంది. ముసలవ్వ గుమ్మంలో నిలబడి గట్టిగా, "తాళంచెయ్యి ఇయ్యి కొడుకా" అంది.

సారు తల ఎత్తాడు. "ఏం తాళంచెయ్యి?"

"బాత్రూంది. నీ తాననే ఉన్నదని గోడ మీద రాసిండ్రు. జర జల్ది ఇయ్యి, రెండు గంటలు బస్సుల కూసోని వస్తున్న."

మీటింగులో ఎవరో కిసుక్కుమన్నారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నన్ను చూశాడు. ఆరుగురు ఆడవాళ్లను చూశాడు. సొరుగు లాగి తాళంచెయ్యి బల్ల మీద పడేశాడు. విరిగిన కుర్చీలు, ఫ్లెక్సీ చుట్టలు ఆ ఆడవాళ్లే బయటికి ఈడ్చారు.

వాళ్లు పోయాక సారు గోడ దగ్గరికి వచ్చాడు. "ముందు గా రాత తుడిచెయ్యి."

"పచ్చిగున్నది సారూ. ఇప్పుడు తుడిస్తె గోడంత నీలమైతది. మూడు దినాలు ఆరాలె."

"నిన్ను పిలిచిన నాది బుద్ధితక్కువ."

"నిజమే సారూ," అన్నాను. డబ్బాలు సర్దుకుని రైలెక్కాను. దారి పొడవునా ఒకటే గుబులు. ఆమె గొడుగును నేనే లేపించానేమో.

నెల దాటాక ఉండబట్టలేక మళ్లీ పోయాను. గోడ మీద సున్నం కొట్టించారు. నూనె రంగు మీద సున్నం నిలబడుతుందా? అక్షరాలు లోపలి నుంచి నీలంగా చూస్తూనే ఉన్నాయి. కింద కంపు మునుపటి కంపే. బైకు ఆపి ఒకడు నా ముందే పని కానిచ్చాడు. నన్ను చూసి తల కూడా తిప్పుకోలేదు.

గొడుగు ఉంది. గొడుగు కింద ఆమె ఉంది. కొంగుకు తాళంచెయ్యి వేలాడుతోంది.

"నాకే అప్పజెప్పిండన్నా," అంది. "పది నిమిషాలకొకతె పోయి గుమ్మంల నిలవడితె తట్టుకోలేకపోయిండు. ఇగ అడిగెటోళ్లంత నన్నే అడుగుతరు."

"కడిగేది ఎవరు?"

"నేనే. పొద్దున రెండు బకెట్లు, మాపున రెండు."

ఒళ్లు మండింది. "ఆఫీసుల కడిగే మనిషి లేడా?"

"ఉన్నడు. సార్లది కడుగుతడు."

"మరి నీకెందుకా చాకిరి? తాళంచెయ్యి నీ నెత్తిన వేసి వాడు చేతులు దులుపుకున్నడు. ఇది న్యాయమేనా? మళ్ల రాస్త, ఈసారి ఎర్రరంగుతోని రాస్త!"

"రాద్దువు గని తియ్యి." కొంగు ముడి విప్పి తాళంచెయ్యి చేతిలోకి తీసుకుని లేచింది. "జర దుకాణం సూడన్నా, పోయొస్త."

గొడుగు కింద కూర్చున్నాను. కోపం దిగలేదు, కంపు తగ్గలేదు. ఒకాయన వచ్చి బుట్టలోకి తొంగి చూశాడు. "పల్లికాయ ఎట్లిస్తవు తాతా? ఆమె ఎటు వోయింది?"

"బాత్రూంకు," అన్నాను, రోడ్డు అవతలికి వినపడేంత గట్టిగా. "ఆగు, వస్తది."