నేత్రావతి లాగి చూసిన తీగ

నేత్రావతి తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కుతుంది. పంతొమ్మిదేళ్లుగా ఇదే. పొద్దున సీటు దొరుకుతుంది కాబట్టి బెంగళూరు దాకా నిద్రపోతుంది. సాయంత్రం తిరుగు బండిలో నిలబడే వస్తుంది. వాళ్ల నాయన బచ్చప్ప బంగారు గనిలోకి దిగి పనిచేసినవాడు. గనులు మూతపడ్డాక ఇంటి బరువు ఆమె మీద పడింది.

ఆమె పనిచేసే చిన్న కంపెనీలో, యుద్ధ ఓడల నుంచి వదిలే క్షిపణులకు తీగల కట్టలు చేస్తారు. సన్నని తీగ కొసకు పిన్ను పెట్టి చేతిమెషీన్‌తో నొక్కి బిగించాలి. ఆ క్షిపణి నీళ్లకు కాస్త పైనే వందల కిలోమీటర్లు పోతుందట. నేత్రావతి సముద్రం చూడనే లేదు.

పోయినేడు వానాకాలంలో నలభై కట్టలు పరీక్షలో పాసై పెట్టెల్లోకి చేరినాయి. బల్ల మీద మిగిలిన, పిన్ను బిగించిన తీగముక్కను నేత్రావతి ఊరికే లాగింది. పిన్ను ఊడి చేతికొచ్చింది. ఇంకొకటి లాగింది. అదీ ఊడింది. మెషీన్ అరిగిపోయి ఉంది. ఎన్నాళ్లుగానో, ఆమె కళ్లకు తెలియలేదు.

సూపర్‌వైజర్ సోమశేఖర్‌తో చెప్పింది.

"రేపు పొద్దున పంపాల నేత్రమ్మా. టెస్టులో పాసైనాయి కదా?"

"తీగలో కరెంటు పారతాదా అని చూసినారు. లాగి చూడలేదప్పా. ఎగిరేటప్పుడు ఎంత అదురుతాదో ఏమో."

"నువ్వు చెప్పకుంటే ఎవురికీ తెలిసేది కాదు."

"నాకు నిద్ర పట్టేది కాదు. ఉండేదే ఆ రైల్లో నిద్ర ఒకటి."

సోమశేఖర్ పంపడం ఆపించినాడు. పెట్టెలు దించి తెరవమన్నాడు.

నలభై కట్టలూ విప్పి మళ్లీ చేయడానికి మూడు వారాలు పట్టింది. ఆదివారాలు పోయినందుకు తోటివాళ్లు ఆమెతో మాట్లాడలేదు. పైవాళ్లు సంజాయిషీ అడిగితే కన్నడలో అరపేజీ రాసిచ్చింది. ఆ తర్వాత చేయించిన కంటి పరీక్షలో ఆమెకు శుక్లం పొర మొదలైందని తేలింది. బల్ల దగ్గర్నుంచి ప్యాకింగ్‌కు మార్చినారు. పోట్లాడే ఓపిక లేక సరేనంది.

మాఘంలో ఓడ మీది నుంచి ఆ క్షిపణి ప్రయోగం జరిగింది. క్యాంటీన్‌లో వీడియో పెట్టినారు. మంట, పొగ, ఇంగ ఖాళీ ఆకాశం. అందరూ చప్పట్లు కొట్టినారు.

"యాడ పడిందప్పా?" అని నేత్రావతి అడిగింది.

"సముద్రంలో పెట్టిన గురి మీదే. మనుషులెవురూ లేరమ్మా," అన్నాడు సోమశేఖర్.

"ఈసారికి సరే," అని అందరికీ పంచిన మైసూర్‌పాక్ సగం తిని లేచింది. ఇంకా పదకొండు పెట్టెలకు టేపు వేయాల్సి ఉంది.