మంచినీళ్ళు హాలుకి పంపిన రోజు

బందరులో పాత టౌన్‌హాలుని బాగుచేసి, దాని చుట్టూ మూడువైపులా అపార్టుమెంట్లు కట్టినప్పుడు నేను అక్కడ సైటు ఇంజనీరుని. తొంభైల చివర. హాలు తెల్లవాళ్ళ కాలం నాటిది. రెండడుగుల సున్నపు గోడలు, టేకు దూలాలు. దాన్ని చూపించే ఫ్లాట్లు అమ్మాం. "కిటికీ తీస్తే చరిత్ర" అని బోర్డు మీద రాయించింది నేనే.

బందరులో ఇల్లు కట్టినవాళ్ళని ఎవర్ని కదిపినా ముందు నీళ్ళ గురించే చెబుతారు. మా సైటులో ఎక్కడ బోరు వేసినా ఉప్పే. ఉప్పునీళ్ళతో కాంక్రీటు కలిపితే లోపలి చువ్వలు తుప్పుపడతాయి. పైకి ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు. అందుకని కాలవనీళ్ళు ట్యాంకర్లలో తెప్పించేవాళ్ళం. మా మేస్త్రి పెద్దాయన. ప్రతి డ్రమ్ములోనూ వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాకే పని మొదలుపెట్టనిచ్చేవాడు.

రెండో బ్లాకుకి మొదటి శ్లాబు వేస్తున్న రోజు ఒక ట్యాంకరు వచ్చింది, రెండోది పామర్రు దగ్గర చెడిపోయి ఆగిపోయింది. అదే రోజు హాలు గోడలకి ఆఖరి సున్నపు పూత. మర్నాడు దాన్ని చూడటానికి పెద్దలు వస్తున్నారు. ఉప్పునీళ్ళు తగిలితే గోడ పొక్కుతుంది, అందరికీ కనపడుతుంది. శ్లాబులోది ఎవరికీ కనపడదు. ఆ రోజు మనసులో ఇంత స్పష్టంగానూ అనుకున్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

శ్లాబు మూడొంతుల్లో రెండొంతులు అయ్యేసరికి, మిగిలిన మంచినీళ్ళన్నీ హాలుకి పంపమన్నాను. ఇక్కడ బోరునీళ్ళు కలపమన్నాను. మేస్త్రి వేలు నాకి ఉమ్మేశాడు.

"ఇది పప్పులోకి పనికొచ్చుద్దేమో గానీ శ్లాబుకి కాదు బాబుగారూ. ఇయ్యాల్టికి ఆపేద్దాం."

"మధ్యలో ఆపితే అతుకు పడుతుంది."

"అతుకైతే కనపడుద్దండీ. ఇది కనపడదు. అదే నా భయం."

"ఇంజనీరువి నువ్వా, నేనా?"

ఆయన నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. తలగుడ్డ విప్పి దులుపుకుని, "తమరేనండి" అని పక్కకి వెళ్ళిపోయాడు.

ఆ చివరి వంతు కింద వచ్చింది మూల ఫ్లాటు ముందుగది. పెడనలో కలంకారీ అద్దకం పని ఉన్న దంపతులు కొనుక్కున్నారు. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అనేది. ఏదో ఒక వంకతో నెలకోసారి అక్కడికి వెళ్ళేవాణ్ణి. కాఫీ తాగుతూ పైకప్పువైపే చూస్తుంటే ఆవిడ నవ్వేది. "ఏంటన్నయ్యగారూ, మా ఫ్యాను అంత నచ్చిందా? విప్పించి ఇచ్చెయ్యమంటారా?"

ఆరో ఏట కప్పు మీద గోధుమరంగు గీత పడింది. చువ్వ ఉన్న దారినే, తిన్నగా.

"ఇదేంటన్నయ్యగారూ?"

"పైవాళ్ళ బాత్రూం కారుతున్నట్టుందమ్మా."

పై ఫ్లాటులో గుడివాడ నుంచి వచ్చిన టీచరమ్మ ఒక్కరే ఉండేవారు. ఆ మాటతో ఇద్దరికీ చెడింది. టీచరమ్మ రెండుసార్లు బాత్రూం పగలగొట్టించి మళ్ళీ వేయించుకున్నారు. ఒకరోజు మెట్ల దగ్గర ఆ సమ్మెట చప్పుడు విని వెనక్కి తిరిగి వచ్చేశాను. చేసిన తప్పు ఒక్కరోజుది. దాన్ని కాపాడుకోవడానికి ఆడిన అబద్ధం మాత్రం ఏడాది నడిచింది.

తర్వాత పెడన వాళ్ళమ్మాయికి బిడ్డ పుట్టింది. ఉయ్యాలలో వేసే రోజున నన్నూ పిలిచారు, శుభకార్యానికి పంతాలెందుకని టీచరమ్మనీ పిలిచారు. ఉయ్యాల కోసం ప్రతి ఫ్లాటులోనూ శ్లాబు పోసేటప్పుడే కొక్కెం పెట్టించాం. ఆ ముందుగదిలో దానికి పూలు చుట్టిన గొలుసులు వేలాడుతున్నాయి. కొక్కెం చుట్టూ కప్పు అరచేతి వెడల్పున ఉబ్బి ఉంది. అక్కడి నుంచి సన్నటి పొడి రాలి పక్కబట్ట మీద పడుతోంది. ఎవరో గంధం పొడి అనుకుని దులిపేశారు.

పెద్దముత్తయిదువ ఒకావిడ బిడ్డని ఉయ్యాల కింద నుంచి అవతలివైపు వాళ్ళకి అందించింది. "ఒకటి" అన్నారు అందరూ. మూడోసారి అయ్యాక పడుకోబెడతారు. అందరి ముందూ తలదించుకోవాల్సి వస్తుందన్న భయం, బిడ్డ కోసం భయం. "రెండు" అన్నారు.

"వెయ్యకండి!"

"అదేం మాట బాబూ, శుభమా అని!" అంది ముత్తయిదువ.

"ఆ కప్పు ఆగదండీ. ఉప్పునీళ్ళతో పోయించాను. నేనే."

బాలింత బిడ్డని లాక్కుని గుమ్మం దాటేసింది. తాతయ్య నమ్మలేనట్టు గొలుసు పట్టుకుని మెల్లగా లాగారు. జానెడు పెచ్చు ఊడి ఉయ్యాలలో పడింది. లోపల చువ్వ పొరలు పొరలుగా ఉల్లిపొట్టులా విడిపోయి ఉంది.

అన్నయ్యగారూ అని పిలిచే ఆవిడ నావైపు చూడలేదు. ఉయ్యాలలోని పెచ్చువైపే చూస్తూ నిలబడింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

టీచరమ్మే ముందు మాట్లాడారు. "నాచేత రెండుసార్లు పగలగొట్టించారే."

"అవునండీ."

"నా మంచం సరిగ్గా దీని మీదే ఉంది. ఇప్పుడు నేను పైకి వెళ్ళచ్చా?"

"వద్దండీ."

"మరి నా పైన ఉన్నవాళ్ళు?"

ఆ పై శ్లాబులకి ఏ రోజు ఏ నీళ్ళు వాడామో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"తెలియదండీ. వెళ్ళి అందర్నీ దింపుతాను."

ఆ మెట్లు కూడా నేను కట్టించినవే. ఒక్కొక్కదాని మీదా బరువు ఆనించకుండా అడుగు వేస్తూ ఎక్కి, మొదటి తలుపు కొట్టాను.