ఒట్టు ఎవరి వంతు

రియాద్‌లో మా మలాజ్ పేటలో నేను బట్టలిచ్చే ఇస్త్రీ దుకాణం నుంచి ప్యాంటు తిరిగొస్తే ఒక్కో కాలికి రెండేసి మడతలుంటాయి. ఒకటి నేను తీసుకెళ్లింది, ఒకటి వాళ్లు పెట్టింది. రెండింటికీ అలవాటు పడ్డాను. పోయిన వారం మూడోది కనిపించింది. దుకాణం నడిపే బంగ్లాదేశీ పెద్దమనిషికి ప్యాంటు పరిచి చూపిస్తే, ఆయన కళ్లద్దాలు సవరించుకుని శ్రద్ధగా చూసి, “మహకమాలో కేసు వేసుకోండి సాబ్, ఇప్పుడంతా ఫోన్‌లోనే అయిపోతుంది” అన్నాడు హిందీలో. మహకమా అంటే కోర్టు. ఆయన వేళాకోళానికే అన్నా, మాట అబద్ధం కాదు. కేసు వెయ్యడమే కాదు, ఈమధ్య చాలా విచారణలు కూడా ఫోన్‌లోనే జరుగుతున్నాయి. మా ఆఫీసులో ఒకాయన పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో హాజరయ్యాడు. న్యాయమూర్తి లేచి నిలబడమనకపోవడం ఇద్దరి అదృష్టం. ఆ మూడో మడత చూసుకుంటూ ఇంటికి నడుస్తుంటే మా బావ గుర్తుకొచ్చాడు. ఆయన కేసు నాటికి మనుషులే వెళ్లాలి, ఎదురెదురుగా నిలబడాలి. అందుకోసం నేను రియాద్ నుంచి బురైదాకు కారు తోలాను.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగు. కోర్టుల గురించి అప్పటిదాకా నాకున్న జ్ఞానం జగిత్యాల కోర్టు ముందు మిర్చి బజ్జీల బండి దగ్గరే ఆగిపోయింది. ఇక్కడి సంగతి బావ పుణ్యమా అని తెలిసింది. పూర్వం పనివాడికీ యజమానికీ తగవొస్తే లేబర్ ఆఫీసు కింది కమిటీలే తేల్చేవి. కార్మిక శాఖా వాళ్లదే, తీర్పులూ వాళ్లవే. వండిన మనిషే రుచి చూసి ఉప్పు సరిపోయిందన్నట్టుండేది. తర్వాత ఆ బాధ్యతను న్యాయశాఖకు అప్పగించి, ఈ తగవులకే విడిగా కోర్టులు పెట్టారు. పెద్ద పట్టణాల్లో విడి కోర్టు, చిన్న ఊళ్లలో మామూలు కోర్టులోనే ఒక విభాగం. చిన్న తగవుకు ఒక న్యాయమూర్తి, పెద్దదానికి ముగ్గురు, తీర్పు నచ్చనివాళ్లకు పైన అప్పీలు కోర్టు. అయితే నేరుగా ఆ మెట్లెక్కనివ్వరు. ముందు లేబర్ ఆఫీసులో రాజీకి కూర్చోవాలి. అక్కడ పొసగకపోతేనే కాగితాలు కోర్టుకు వెళతాయి. బావ కాగితాలు వెళ్లేనాటికి బురైదా కోర్టు కొత్తది. గోడల రంగు వాసన ఇంకా పోలేదు. ఏ గది ఎటో పోలీసులకు కూడా మనమే చెప్పాల్సి వచ్చేది.

బావ అంటే మా అక్క భర్త. బురైదాలో ఖర్జూరాలు నిలవచేసే ఒక కోల్డ్ స్టోరేజీలో చాలా ఏళ్లు పనిచేశాడు. మండువేసవి మధ్యాహ్నం అందరూ నీడ కోసం గోడలకు అతుక్కుని నడుస్తుంటే, ఆయన స్వెట్టరూ మంకీ టోపీ వేసుకుని గోదాము తలుపు తెరుచుకుని బయటికొచ్చేవాడు. చూసినవాళ్లకు ముందు భయం వేసేది, తర్వాత అసూయ కలిగేది. కంప్రెసర్‌కు స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. మా అక్క ఫోన్ చేసినప్పుడు కూడా అంత శ్రద్ధగా వినడని ఆమెకో ఫిర్యాదుండేది. ఆ గోదాములో యంత్రాలన్నీ ఆయన చేతిమీదే నడిచాయి. చిక్కల్లా ఏమిటంటే, ఆయన ఇకామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులో, మెకానిక్ అని లేదు, హమాలీ అని ఉంది. ఇక్కడ అది వింతేమీ కాదు. ఏ వీసా దొరికితే ఆ పేరుతో వస్తాం, ఏ పని ఉంటే ఆ పని చేస్తాం. కాగితం మీద గొర్రెలు కాసే ఒకాయన దగ్గర నేను ఏళ్ల తరబడి క్షవరం చేయించుకున్నాను.

కాంట్రాక్టు ముగిసింది, బావ రియాద్‌లో నా గదికి వచ్చేశాడు. రియాద్‌లో సులై దగ్గర మందులు నిలవచేసే ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లు బావను మెకానిక్‌గా తీసుకుంటామన్నారు. కానీ మందుల వ్యవహారం కాబట్టి, ఇంతకాలం మెకానిక్ పనే చేశాడని పాత యజమాని సర్టిఫికెట్ ఇవ్వాలన్నారు. అది ఉంటే సులై, లేకపోతే ఖురూజ్, అంటే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి. ఆ వయసులో ఇంటికెళ్లి కొత్త పని వెతుక్కునేంత ఓపిక బావకు లేదు. అంతకన్నా ముఖ్యంగా, ఇన్నేళ్లు చేసిన పనిని చెయ్యలేదనిపించుకుని వెళ్లే ఉద్దేశం లేదు. ఆఫీసుకెళ్లి అడిగితే కఫీల్, అంటే ఆ యజమాని, సర్టిఫికెట్ ఇస్తాను గానీ హమాలీ అనే రాస్తానన్నాడు. ఆయన బాధ ఆయనది. మెకానిక్ అని రాస్తే, ఇకామాలో ఒకటి పెట్టి ఇంకో పని చేయించినట్టు ఆయనే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టవుతుంది, దానికి జరిమానా ఉంటుంది.

రాజీకి కూర్చున్న రోజు కఫీల్ రాలేదు, తన తరఫున మేనల్లుణ్ణి పంపాడు. ఆ కుర్రాడు మర్యాదస్తుడు. విమానం టికెట్ ఇస్తామన్నాడు, మంచి రకం ఖర్జూరాలు పెట్టెలకొద్దీ ఇస్తామన్నాడు. రాజీ చేయించే అధికారి కూడా ఆ రకం పేరు వినగానే ఒప్పుకొమ్మన్నట్టు బావ వైపు చూశాడు. ఏళ్లుగా ఖర్జూరాల మధ్యే చలికి వణికిన మనిషికి ఖర్జూరాలు ఆశ చూపడం అంత తెలివైన పని కాదు. బావ తల అడ్డంగా ఊపాడు. ఆ సాయంత్రం నేను కూడా, ఎలాగూ కాగితంలో హమాలీ అని ఉంది, కోర్టు కాగితమే చూస్తుంది, పట్టింపు వదిలెయ్యమన్నాను. జగిత్యాల నుంచి అక్క కూడా అదే అంది. బావ ఇద్దరికీ ఒకటే జవాబిచ్చాడు: “హమాలీ తప్పు పని కాదు. కని నేను చేసింది అది కాదు.”

దాంతో కోర్టు ఖాయమైంది. కోర్టులో దుబాసీగా పనిచేసే ఒక హైదరాబాదీ పెద్దాయన పరిచయమయ్యాడు. సాక్ష్యం గట్టిగా లేకపోతే చివరికి కసమ్ దాకా పోతుందని ఆయన ముందే చెప్పాడు. కసమ్ అంటే ఒట్టు. ఆ ఒక్క ముక్క బావకు పట్టుకుంది. మా వైపు పంచాయితీలో నాది నిజమన్నవాడే ముందుకొచ్చి దీపం ముందు ఒట్టు పెడతాడు. పెట్టే ముందు నియమంగా ఉంటాడు. కాబట్టి బావ వాయిదాకు వారం ముందు నుంచీ నీసు ముట్టలేదు. మా గదిలో ఉంటున్న మిగతావాళ్లు శుక్రవారం మటన్ వండుకుంటే ఈయన మెట్ల మీద కూర్చుని పెరుగన్నం తిన్నాడు. ఆ రోజు తెల్లవారుతూనే తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని, మళ్లీ తుడిచేసుకుని కారెక్కాడు. బురైదా వచ్చేదాకా దారి పొడుగునా ఒక్క అనవసరపు మాట మాట్లాడలేదు. నేను ఆ లోటు తీర్చాను.

న్యాయమూర్తి చిన్నవాడే, ముప్పై అయిదు దాటి ఉండవు. బావ చెప్పుకున్నదంతా ఓపిగ్గా విన్నాడు. సాక్షులున్నారా అని అడిగాడు. ఇద్దరుండాలి. ఒకడు ఖురూజ్ మీద ఢాకా వెళ్లిపోయాడు. రెండోవాడు అకౌంటెంట్, ఇంకా కఫీల్ దగ్గరే జీతం తీసుకుంటున్నాడు, రానన్నాడు. బావ ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. అందులో విప్పిన కంప్రెసర్ పక్కన చేతులకు నూనెతో నిలబడి ఉన్నాడు. కఫీల్ తరఫున మళ్లీ వచ్చిన మేనల్లుడు ఫొటోను బాగా చూసి, కంప్రెసర్ బరువైన వస్తువనీ, దాన్ని మోయడానికి హమాలీ కావాలనీ, ఫొటోలో కనిపిస్తున్నది అదేననీ చెప్పాడు. నాకు కోపం రావాల్సింది, కానీ జవాబు బాగుంది.

అప్పుడు న్యాయమూర్తి చెప్పిందాన్ని దుబాసీ మాకు హిందీలో చెప్పాడు. దావా వేసినవాడిది రుజువు చూపే బాధ్యత. రుజువు చాలకపోతే, కాదన్నవాణ్ణి ఒట్టు పెట్టమని అడిగే హక్కు అతనికుంది. అవతలివాడు ఒట్టేస్తే దావా అక్కడితో శాశ్వతంగా ముగిసిపోతుంది, వెయ్యనంటే దావా వేసినవాడిదే గెలుపు. ఒట్టు మాట చెవిన పడగానే, మిగతాది పూర్తిగా వినకుండానే బావ లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. కుడిచెయ్యి ముందుకు చాచి, తూర్పెటో తెలియక ఒకసారి అటూ ఇటూ చూసి, చివరికి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. న్యాయమూర్తి దుబాసీ వైపు చూశాడు. దుబాసీ నా వైపు చూశాడు. నేను బావ చొక్కా అంచు పట్టి లాగి, ఒట్టు నీది కాదు బావా, వాళ్లది అని చెప్పాను. ఆయన అర్థం కానట్టు చూశాడు. నిజం చెప్పేవాడు నేనైతే, ఒట్టు వాళ్లదెలా అవుతుందని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు న్యాయమూర్తి దగ్గర ఉంది గానీ అది చాలా శతాబ్దాల నాటిది. వారం రోజుల పెరుగన్నం ఎవరి ఖాతాలోకి వెళ్తుందన్నది కూడా ఆ గదిలో ఎవరూ తేల్చలేదు.

బావ కూర్చున్నాడు. దుబాసీ మళ్లీ చెప్పిందాన్ని ఈసారి చివరిదాకా విన్నాడు. తర్వాత బావ మళ్లీ లేచి, ఒట్టు అడుగుతానన్నాడు, కానీ ఈ కుర్రాడు కాదు, కఫీల్ స్వయంగా వచ్చి పెట్టాలన్నాడు. గోదాము కఫీల్ సొంత పేరు మీదే ఉంది, పని చేయించుకున్నదీ ఆయనే కాబట్టి న్యాయమూర్తి సరేనని ఇంకో వాయిదా వేశాడు.

తిరుగు దారిలో నేను గట్టిగానే దెబ్బలాడాను. నీ బతుకు తీసుకెళ్లి అవతలివాడి నాలుక మీద పెట్టావు, వాడు ఒక్క మాటంటే అప్పీలు కూడా పనికిరాదు, వాయిదా అడిగి అకౌంటెంట్‌ను బతిమాలుకుందాం అన్నాను. బావ కిటికీలోంచి ఇసుకను చూస్తూ చెప్పాడు.

“సీజన్ల బేరగాళ్లు వచ్చి ఈ పండు ఏ ఏటిదని అడుగుతరు. ఈ ఏటిదైతే కఫీలే చెప్తడు. పోయినేటిదైతే అకౌంటెంటును పంపిస్తడు. నేనున్నన్ని దినాలు గట్లనే జూసిన, బామ్మర్ది. అబద్ధం పని వడితే ఎన్నడు సొంతంగ రాడు. రాజీకి మేనల్లున్ని పంపిండు. కోర్టుకు మేనల్లున్నే పంపిండు.”

అది లెక్క కాదు, నమ్మకం అన్నాను నేను. మనుషులు మారతారన్నాను, జరిమానా భయం పెద్దదన్నాను. ఆయన సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. ఆ రాత్రి అక్క ఫోన్ చేసి, మనిషివా రాయివా అని తిట్టింది. ఈయన మళ్లీ పెరుగన్నమే తిన్నాడు. ఇప్పుడెందుకని అడిగితే, ఎందుకైనా మంచిదన్నాడు.

రెండో వాయిదాకు కఫీల్ వచ్చాడు. నేను ఊహించుకున్నంత భారీగా లేడు. సన్నటి ముసలాయన, చేతికర్ర, గంజి పెట్టిన తెల్ల తోబు. బావను చూసి అలవాటుగా యోగక్షేమాలడిగాడు. బావ కూడా అలవాటుగానే ఆయన మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. న్యాయమూర్తి ఒట్టు మాటలను ముందు తానే చదివి వినిపించాడు: ఈ మనిషి నా గోదాములో యంత్రాల పని చెయ్యలేదని దేవుడి మీద ప్రమాణం చేస్తున్నాను అని. తప్పుడు ప్రమాణం ఎంత దూరం వెంటాడుతుందో కూడా, గొంతు పెంచకుండా, చెప్పాడు. బావ గదిలోని ఏసీ చప్పుడు వింటున్నట్టు తల కొంచెం పక్కకు వాల్చి నిలబడ్డాడు, కానీ కళ్లు మాత్రం ముసలాయన పెదవుల మీదే ఉన్నాయి.

కఫీల్ గొంతు సవరించుకున్నాడు. “బిల్లాహి” అని, అంటే దేవుడి మీద అని, ఒక్క మాటన్నాడు. ఆయన అక్కడే ఆగిపోయాడు. మేనల్లుడు చెవిలో ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, “మెకానిక్ అనే రాయండి” అన్నాడు. గుమాస్తా టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. అంతే. నేను ఇంకా పెద్దదేదో జరుగుతుందని చూస్తూనే ఉన్నాను.

బావ ఇప్పుడు సులైలో మందుల మధ్య చలికి వణుకుతున్నాడు. స్వెట్టర్ మారింది, స్క్రూడ్రైవర్ మారలేదు. కేసు సంగతెత్తితే అదెప్పటిదో అన్నట్టు చెయ్యి ఊపేస్తాడు. అక్క అయితే గెలుస్తారని తనకు ముందే తెలుసంటుంది. కాలానికి ఈ అలవాటొకటుంది, ఎవరు గెలిచారన్నది ఉంచుకుని, ఎంత భయపడ్డామన్నది తీసుకుపోతుంది. నా దగ్గర మాత్రం దాని పప్పులుడకలేదు. ఆ ఉదయం కోర్టు వరండా నాకు ఉన్నదున్నట్టు గుర్తుంది. కఫీల్ నెమ్మదిగా మాకేసి నడిచొచ్చాడు. కృతజ్ఞత చెప్పాలో క్షమాపణ అడగాలో తెలియక నేను రెండింటికీ పనికొచ్చే ఒక నవ్వు నవ్వాను. బావ నవ్వలేదు. గోదాములో నేర్చుకున్న అరబ్బీలో మాట్లాడాడు, నేను దాన్ని ఆయన భాషలోనే రాస్తున్నాను: “నీ ఆఫీసుల ఎన్నిమాట్ల అడిగిన, షేక్. కాళ్లు మొక్కుడొక్కటే తక్వ. ఒక్కనాడన్న అవునన్నవా? నన్ను ఈడిదాంక ఎందుకు తిప్పినవ్?”

ముసలాయన బావ భుజం మీద చెయ్యి వేశాడు.

“ఆఫీసులో నువ్వు నన్ను ఒట్టు పెట్టమనలేదు.”