కండ్లకు తువ్వాలు కట్టుకుని విన్న ఆంప్లిఫయర్

మాది పుంగనూరు. పోయినేడాది కొత్త ఆంప్లిఫయర్ కొందామని, పాతదాన్ని కూడా పోల్చి చూడడానికి టమాటా పెట్టెలో పెట్టుకుని, మా ఆవిడతో మదనపల్లె అంగడికి పోయాను. అంగడాయన ముందు పాతది వినిపించి, తర్వాత కొత్తది మోగించగానే "పాటంటే ఇదీ!" అన్నాను.

మా ఆవిడ మండీలో టమాటాలు ఏరుతుంది. పెట్టెలో పైవరస చూసి మోసపోయే రకం కాదు. "కొత్తదానికి సౌండు పెంచినావు కదప్పా! రెండూ సమానంగా పెట్టు" అని అంగడాయనకు చెప్పి, నా కండ్లకు తువ్వాలు కట్టేసింది.

ఒకే స్పీకర్లకు రెండూ మార్చి మార్చి తగిలించారు. "ఇదే కొత్తది! ఎంత తీయగా ఉండాదో!" అని అరిచాను. అంగడంతా ఒకటే నవ్వు. తువ్వాలు విప్పితే మోగుతున్నది మా పాతదే! సిగ్గుతో తలెత్తలేకపోయాను.

కొత్తది కొనకుండానే తిరిగొచ్చాము. ఆ పాతదే ఇప్పటికీ ఇంట్లో హాయిగా పాడుతోంది. నేను ఏదైనా కొందామంటే చాలు, మా ఆవిడ ముందు తువ్వాలు తెస్తుంది.