ఫౌజీ మెకానిక్ విన్న చప్పుడు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి నేను. ఛత్రినాకలో పుట్టి యాభై రెండేళ్లుగా అక్కడే ఉంటున్నాను. మా సందుల్లో మనుషులకే చోటు చాలదు, దయ్యానికి గది అద్దెకు ఎవడిస్తాడని వాదించేవాణ్ణి. నేను ఏం చెప్పినా అందులో పదో వంతు నమ్మితే చాలని మా ఇంట్లో అనుకుంటారు. ఇది మాత్రం తగ్గించే చెబుతున్నాను.

మా అక్క భర్త మల్లేశం బావ మిలిటరీలో పదిహేడేళ్లు బండ్లు బాగుచేసి, పెన్షన్ మీద వచ్చి, ఇంటి ముందు గదిలోనే మెకానిక్ షాపు పెట్టాడు. గల్లీలో అందరికీ ఆయన ఫౌజీ. ముందు మీసం సందు మలుపు తిరిగేది, తర్వాత ఆయన వచ్చేవాడు.

ఆయన పనితీరే వేరు. బండి స్టార్ట్ చేసి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఏ బేరింగ్ అరిగిందో, ఏ నట్టు వదులైందో విని చెప్పేవాడు. నయాపూల్ వంతెన మీద పోతున్న బస్సు రోగం ఛత్రినాకలో కూర్చుని చెప్పగలడని నేను ప్రచారం చేసేవాణ్ణి. ఆయన విని సరే అంటే తప్ప బండి గడప దాటేది కాదు.

ఒక చప్పుడు గురించి మాత్రం ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నాకు ఒక్కసారి చెప్పాడు. కొండల్లో పనిచేస్తున్నప్పుడు ఒక ట్రక్కులో విన్నాడట. మూడు దెబ్బలు, కాస్త ఆగి మరొకటి. లోపలి నుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టు. అంతా విప్పి చూస్తే ఎక్కడా లోపం లేదు. తనిఖీ కాగితంలో లోపం రాయడానికి గడి ఉంటుంది గానీ చప్పుడు రాయడానికి ఉండదు కదా. బండి బాగుందని సంతకం పెట్టేశాడు. సాయంత్రానికి ట్రక్కు లోయలో ఉంది. డ్రైవరు మళ్లీ పైకి రాలేదు.

"పాత ట్రక్కు అయ్యుంటది బావా, గంతే," అన్నాను.

"కొత్తదిరా," అన్నాడు.

రెండోసారి పోయినేడాది, పాల యాదగిరి మోపెడ్‌లో. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. స్క్రూడ్రైవర్ ఆనించిన బావ చటుక్కున కళ్లు తెరిచాడు.

"యాదన్నా, బండి ఈడ్నే ఉంచు."

"ఏమైంది ఫౌజీ?"

"ఏం కనబడ్తలేదు. గందుకే ఉంచుమంటున్న."

"ఏం కాని బండిని పెట్టుకొని ఏం జేస్తవ్, బొట్టు పెట్టి పూజ జేస్తవా?" అని నవ్వుకుంటూ పోయాడు యాదగిరి. మూడో రోజు అఫ్జల్‌గంజ్ దగ్గర లారీ కింద పడి చనిపోయాడు. మోపెడ్‌ను నేను చూశాను. పాల క్యాన్లు నలిగిపోయాయి గానీ దాని మీద గీత కూడా పడలేదు.

ఈ ఏడాది బోనాలు అయిన వారం, మధ్యాహ్నం మూడింటికి, బావ నన్ను షాపులోకి పిలిచాడు. ఎదురుగా బావ ఒక్కగానొక్క కూతురు శిరీష స్కూటర్ ఉంది. ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం దానిది, రోజూ ఆ బండి మీదే పోతుంది. బావ స్క్రూడ్రైవర్ పిడి నా చేతికిచ్చి "ఇను" అన్నాడు.

విన్నాను. ఇంజన్ చప్పుడు కింద మూడు దెబ్బలు. ఆగింది. ఒకటి.

బావ ఇంజన్ ఆపేశాడు. అయినా వినిపించింది. ఇద్దరం చెమటలు కక్కుతూ ఇంజన్ దించి గోనెసంచి మీద పెట్టాం. బండి ఖాళీ చట్రం మీద స్క్రూడ్రైవర్ ఆనిస్తే అప్పుడూ వినిపించింది. గోడకు, నీళ్ల డ్రమ్ముకు, పక్క బండికి ఆనించి చూశాం. వాటిలో ఏమీ లేదు.

శిరీష బయటికొచ్చింది. "బాపూ, ఇంక కాలేదా?"

"ఇయ్యాల ఆటోల పో బిడ్డా."

"నిన్న గూడ గిట్లనే అన్నవ్. జూడు మామా, బార్డర్ల ట్రక్కులు బాగుజేసిన మనిషికి నా బండి ఐతలేదంట!"

నేను వంగి గోనెసంచి మీది నట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

శిరీష ఆటోలో వెళ్లిపోయాక, "అమ్మేద్దాం బావా," అన్నాను.

"కొన్నోనికి గూడ ఇంట్ల బిడ్డ ఉంటది గద."

"ఏడనన్న పడేద్దాం."

"పడేస్తే ఎవడో ఎత్తుకపోతడు బామ్మర్ది." ఇంజన్ మళ్లీ ఎక్కించి హెల్మెట్ పెట్టుకున్నాడు. "ఆనాడు ఆ కొండల ట్రక్కు నేనే నడపాల్సుండె. మీ అక్కకు చెప్పకు."

నేనూ వస్తానని అనాల్సింది. అనలేదు.

రెండు గంటలు ఆ గుమ్మంలోనే నిలబడ్డాను. బావ తిరిగొచ్చాడు. దెబ్బ లేదు, దుమ్ము లేదు. ఎక్కడికి పోయావంటే చెప్పలేదు. నేనే స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాను. ఇంజన్ నడుస్తుంటే ఇంజన్ చప్పుడు. ఆపితే ఏమీ లేదు. మర్నాడు బావ తాళంచెవి శిరీష చేతిలో పెట్టి "ఇగ ఫికర్ లేదు, పో" అన్నాడు. శిరీషకు ఇవాళ్టిదాకా ఏమీ కాలేదు.

ఆ రోజు నుంచి బావ ఏ బండినీ చెవితో వినడం లేదు. చేత్తో తడిమి చూసి పంపేస్తున్నాడు.

పోయిన నెల వాళ్లింటికి వెళ్లాను. భోజనం చేసి బావ చాప మీద పడుకుని ఉన్నాడు. అక్క నన్ను గుమ్మం దగ్గరికి లాక్కెళ్లి గొంతు తగ్గించింది.

"తమ్మీ, మీ బావ ఛాతిల ఏందో కొట్టుకుంటున్నదిరా. డాక్టరు మిషన్ పెట్టి గుండె మంచిగున్నదన్నడు. గుండెనైతే ఆగకుండ కొట్టుకోవాలె గద? ఇది మూడుసార్లు కొట్టి ఆగుతున్నది, మళ్ల ఒక్కసారి కొడుతున్నది. జర నువ్వొచ్చి చెవి పెట్టి ఇను."

బస్సుకు టైమవుతోందని చెప్పి బయటపడ్డాను. మా ఇల్లు అక్కడికి రెండు సందుల అవతలే.

దాన్ని దయ్యం అనను. అనారోగ్యమనడానికి డాక్టరు ఒప్పుకోడు. అది ఏమిటో నాకు నిజంగా తెలియదు. అక్క ఫోన్ చేస్తూనే ఉంది. నేను ఇంకా వెళ్లలేదు.