లేని ఘాటు

ఆ రోజు పొయ్యి వెలిగించనే లేదు. మిరప మొక్కలకు నీళ్లు పోస్తున్నాను. మాది సముద్రం ఒడ్డున మైపాడు. ఉప్పుగాలికి బయట ఏ మొక్కా బతకదని మిరప, పుదీనా, కొత్తిమీర లోపలి గదిలోనే కుండీల్లో, లైట్ల కింద పెంచుకుంటాను. ఉన్నట్టుండి ఎండుమిర్చి మాడిన ఘాటు గుప్పుమంది. నాకు బాగా తెలిసినవాళ్లెవరో వెనకాల వచ్చి నిలబడ్డారనిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మొక్కల్లో ఒక్క ఆకైనా కదలడం లేదు.

తర్వాత తరచూ అదే ఘాటు, వెనకాల అదే మనిషి. మా ఆయన చేపల వేటకు వెళ్తే ఇంట్లో అత్తా నేనే. అత్తతో చెప్తే దిష్టి అంది. "ఇంట్లోనే ఇన్ని కాయలు కాయిస్తే జనం కళ్లు ఊరుకుంటాయా?" నా మొక్కల కాయలే ఎండినవి తెచ్చి, ఉప్పుతో నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. అత్త కళ్ల నీళ్లు కారేదాకా దగ్గింది. దిష్టి కాదని తేలేసరికి ఇద్దరం ఆసుపత్రికి బయల్దేరాం.

నెల్లూరులో డాక్టరుగారు ఈఈజీ, ఎమ్మారై చేయించారు. "మెదడులో, టెంపోరల్ లోబ్‌లో చిన్న ట్యూమర్ ఉందమ్మా. మీకొచ్చే వాసన సీజర్, అదీ ఒక రకం ఫిట్సే. ఆ మనిషీ అంతే." పిచ్చి కాదన్న సంతోషం, తల కోస్తారన్న భయం కలిసి ఏడ్చేశాను.

సర్జరీ అయింది. బయాప్సీలో క్యాన్సర్ కాదని వచ్చింది. డిశ్చార్జ్ చేస్తూ, "మళ్లీ ఆ ఘాటు వస్తే వెంటనే రండి, మాత్రల డోస్ మార్చాలి," అన్నారు.

చాన్నాళ్లు బాగానే ఉన్నాను. ఒక మధ్యాహ్నం పండుమిరపకాయలు కోస్తుంటే మళ్లీ వచ్చింది.

"అత్తా, ఘాటేమైనా వస్తా ఉందా?"

ఆమె నా మొహంలోకి చూసింది. "వస్తా ఉంది గదా. పక్కింట్లో మిరపకాయలు వేయిస్తా ఉన్నారు," అని దగ్గింది కూడా. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడడిగినా అదే మాట, అదే దగ్గు. పక్కింటివాళ్లు ఊళ్లో లేరన్న సంగతి నాకు తట్టనే లేదు.

చివరికి ఫిట్స్ వచ్చి కుండీల మధ్యే పడిపోయాను. తెలివి వచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. అత్త నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు బెదిరిపోతావని, లేదనే దానికి నోరు రాలేదు తల్లీ. నాకు ఒక్కనాడూ ఏ వాసనా రాలేదు." లేని పొగకు నా పక్కన నిలబడి ఆమె దగ్గిన దగ్గులు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. కోపం మాత్రం రాలేదు.

డోస్ పెంచారు. ఇప్పుడు మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నాను, విరిగిన మొక్కల చోట కొత్త నారు పెట్టాను. డోస్ పెంచాక ఆ ఘాటు ఒక్కసారే వచ్చింది. అడిగాను. "లేదమ్మా," అంది అత్త. ఈసారి దగ్గలేదు. ఆ సాయంత్రమే డాక్టరుగారి దగ్గరున్నాం.

ఇలాంటి జబ్బు మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు నేను చెప్పేదొకటే. మీకు రాని వాసన వస్తోందని మాతో అనకండి. మేం భయపడతాం. పడనివ్వండి.